దయచేసి ముట్టుకోండి

పదకొండేళ్లుగా
నా ఉద్యోగమంతా ఒక్క మాట:
ముట్టుకోవద్దు.
పింగాణీ ముందు, తిమింగలం దవడ ముందు,
ఏ మిల్లు దొరదో వెండి నశ్యం డబ్బీ ముందు
నల్ల కోటేసుకు నిలబడి
చిన్న దగ్గుతో, కనుబొమతో,
ఒక్కోసారి నోటితోనే
అది చెప్పాను.
చేతులు వెనక్కి కట్టుకున్న పిల్లల్ని చూసి
బుద్ధిమంతులనుకున్నాను.

ఈ జనవరిలో
మూడున్నరకే డండీ మీద చీకటి దిగే రోజుల్లో
మేడ మీది గదిలో గోడ నిండా జనపనార వేలాడదీశారు.
పేనిన తాళ్లు, జడలు, పిడికిలంత ముడులు.
చక్రాల కుర్చీలో కూర్చున్న చేతికి
అందే ఎత్తు కొలిచి మరీ కట్టారు.
లాగితే లోపలెక్కడో పాత మగ్గం
నిద్రలో మూలిగినట్టు మూలుగుతుంది.
నిమిరితే ఊపిరి పీలుస్తుంది.
తలుపు పక్కన కొత్త పలక.
దయచేసి ముట్టుకోండి.

"ముందు నువ్వే" అంది మా మోరాగ్.
నా చెయ్యి లేవలేదు.
మా భాషలో ఆ మాటకి ఎన్ని చీకటి గదులో
ఆమెకేం తెలుసు?
ముట్టంటే మూడు రోజుల మూల చాప.
అంటంటే
పైనుంచి పోస్తే దోసిట్లో పట్టుకు తాగిన నీళ్లు.
ఒక్క వేలికొనకి ఇంతమంది కాపలా.
అదే భాషలో మళ్లీ
అంటు కడితేనే మామిడి తొందరగా కాస్తుంది.

మొదట వచ్చింది ఎఫీ గారు.
పదిహేనేళ్లకే మిల్లులో చేరి
మగ్గాల హోరుకి చెవులప్పగించిన మనిషి.
వినికిడి మిషను తీసి జేబులో పడేసి
తాళ్లకి చెంప ఆనించింది.
చాలాసేపు.
తర్వాత పెదాలు మాత్రమే కదిపింది,
ఆ హోరులో ఆడవాళ్లు కబుర్లాడుకున్న పద్ధతిలో.
ఎవరితోనో. నాతో కాదు.

గురువారం ఉదయం గోడ గొంతు కట్టేస్తాం,
శబ్దం పడని వాళ్ల కోసం.
చెవులకి నీలం కప్పులు పెట్టుకున్న ఒకమ్మాయి
ఒక్క తాడూ లాగలేదు.
ప్రతి ముడినీ వాసన చూసింది, వరసగా,
నలభై ఒక్క ముడులు,
చివరి దాని దగ్గర తుమ్మి
వెళ్లిపోయింది.

బుధవారం లిఫ్టు చెడింది.
అందరినీ రమ్మన్న గది
మేడ మీదే ఉండిపోయింది.
మెట్ల కింద నిలబడి నేనే క్షమాపణలు చెప్పాను.

మర్నాడు యామన్ మళ్లీ వచ్చాడు.
ఏడేళ్లు. కుర్చీ చక్రంలో జడ చుట్టుకుని
గోడంతా గయ్యిమంది.
వాడు పకపకా నవ్వి
వెనక్కి తిప్పి మళ్లీ గుద్దాడు.
వాళ్లమ్మ పరుగున వచ్చి ఏదో అంది అరబ్బీలో.
ఆ భాష నాకు రాదు.
ఆ మాట మాత్రం వచ్చు.
పదకొండేళ్ల అనుభవం మరి.
"పర్లేదమ్మా, పర్లేదు" అన్నాను,
తెలుగులోనే, తొందరలో.
ఆమెకీ అర్థమైనట్టే ఉంది.

డూగల్‌కి చూపు లేదు.
చుక్కల పలక మీద వేళ్లు నడిపిస్తూ
"మీరు దీనితో చేసే సంచిని ఏమంటారు?" అన్నాడు.
గోనె, అన్నాను.
"మేం గన్నీ అంటాం" అన్నాడు.
ఇద్దరం చెరోసారి అనుకున్నాం, పైకే.
గోనె. గన్నీ.
ఎవరు మోసుకొచ్చారో ఈ బస్తాని,
నాకంటే ఎంత ముందుగానో.

ఐదింటికి అందరూ వెళ్లాక
గదిలో నూనె వాసన, తడి కోట్ల వాసన.
నెల్లిమర్ల మిల్లులో సంచులు కుట్టే మా పెద్దమ్మ
జుట్టు నిండా నారపొట్టుతో ఇంటికొచ్చి
ఎదురు పరిగెత్తిన నన్ను చెయ్యెత్తి ఆపేది.
"ముట్టుకోకే, గుచ్చుకుంతాది,
తానం చేసొస్తానుండు."
అది మైల కాదని,
నా చర్మం మీద బెంగ అని
ఇన్నేళ్లకి
ఇక్కడ.

కోటు చేతులు పైకి మడిచాను.
రెండు చేతులతో పట్టుకున్నాను.
గోడ ఏదో అంది.
గుచ్చుకుంది, ఆవిడ చెప్పినట్టే.
వేల్లో దిగిన పోగు తియ్యలేదు.
దీపాలార్పి,
లిఫ్టు పనిచేస్తోందో లేదో ఓసారి నొక్కి చూసి
మెట్లు దిగాను.